పాలమూరు నుంచి లేహ్, జైసల్మేర్: ఇద్దరి బరువుకు బండి సిద్ధం చేసే తీరు

బైకు మీద ఇద్దరూ కూర్చొని సామాన్లు కట్టాక అది వేరే బండిలా నడుస్తుంది. కాబట్టి ముందు అదే బరువుతో మన్ననూరు మీదుగా శ్రీశైలం ఘాటు ఎక్కి దిగి చూడండి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి గేటు మూసేస్తారు, పగలే వెళ్లాలి.

వెనక షాకబ్జార్బర్ స్ప్రింగు బిగించండి. చైను వదులు మాత్రం ఇద్దరూ ఎక్కాక చూడాలి. ఖాళీ బండికి బిగుతుగా పెడితే, బరువు పడ్డాక ఇంకా బిగుసుకొని గేర్‌బాక్స్ బేరింగులను తినేస్తుంది. టైర్ల గాలి స్టిక్కర్ మీద ఇద్దరికని రాసినంతే, పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు. పానాలు, ట్యూబులు టాప్ బాక్సులో (సీటు వెనక పైన బిగించే పెట్టె) వద్దు. వెనక బరువెక్కితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. దిగుడులో రెండో గేరు వేయండి, బ్రేకు తొక్కి పట్టుకుంటే ఆయిల్ మరిగి బ్రేకే పోతుంది.

లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. చేరాక ఒంటికి ఆ ఎత్తు అలవాటయ్యేలా రెండు రోజులు కదలొద్దు. తలనొప్పి, వాంతులు తగ్గకుంటే కిందికి దిగడమే మందు. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పలకదు, పోస్ట్‌పెయిడ్ కావాలి.

సెప్టెంబరులో లేహ్ కొండలు ముగిస్తే, జైసల్మేర్ వైపు థార్ ఎడారి కొంత చల్లబడి ఉంటుంది. మే, జూన్‌లో థార్ జోలికి పోవద్దు. ఇసుకలో వెనకవాళ్లు దిగి నడవాలి, గాలి 5 పీఎస్ఐ తగ్గించాలి, తారు రోడ్డెక్కగానే పంపుతో కొట్టాలి. రోజూ సాయంత్రం ఎయిర్ ఫిల్టర్ దులపండి.