పిల్లికి ముక్కు కిందున్న ముక్క ఎందుకు కనపడదు? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో పిల్లుల్ని పెంచే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. కలిసినప్పుడల్లా వాళ్ళ అనుమానం ఒకటే: "దీనికి కళ్ళు సరిగ్గా కనపడుతున్నాయంటారా?" చాలావరకు పిల్లి చూపే అంత. ఒక్క విషయంలో మాత్రం నిజంగా కంగారుపడాలి, అది చివర్లో చెబుతాను.

ఎదురుగా పెట్టిన చికెన్ ముక్క కోసం వెతుక్కుంటోంది

సుమారు 25 సెంటీమీటర్ల కన్నా దగ్గరున్న వస్తువు పిల్లికి మసకగానే ఉంటుంది. అక్కడినుంచి పని ముక్కుది, మీసాలది. జాగ్రత్తగా గమనించండి: ముక్క దగ్గరికి వచ్చేసరికి మీసాలు ముందుకు వాలుతాయి, తల అటూ ఇటూ తిప్పుతూ వాసన పడుతుంది. ముక్కను వేలితో కాస్త కదపండి. ఫ్రిజ్‌లోంచి తీసిందైతే గోరువెచ్చగా చేసి పెట్టండి, వాసన బాగా తెలుస్తుంది.

ఎర్ర బంతి కొనిస్తే పట్టించుకోదు

ఎరుపు దానికి వెలిసిపోయిన రంగులా ఉంటుంది. నీలం, పసుపు బాగా తెలుస్తాయి. అయినా రంగుకన్నా కదలిక ముఖ్యం. బొమ్మను మొహం మీదికి తేకుండా, నేలమీద దూరంగా లాగండి.

గేటు దగ్గర నిలబడితే గుర్తుపట్టదు

మనం 100 అడుగుల నుంచి స్పష్టంగా చూసేదాన్ని పిల్లి 20 అడుగుల దూరానికి వస్తేనే చూడగలదు. పేరు పెట్టి పిలవండి, గొంతు గుర్తుపడుతుంది.

బాల్కనీలో పావురం కనపడితే ఒక్కసారిగా ఎగురుతుంది

కదిలే దేన్నైనా పట్టేసే కన్ను అది. మనకు సుమారు 180 డిగ్రీల మేర కనిపిస్తే దానికి 200 వరకు కనిపిస్తుంది. పావురం మీద ధ్యాసలో పడితే ఏ అంతస్తులో ఉన్నామన్నది దానికి పట్టదు. తిట్టి మాన్పించలేం. గట్టి నెట్ కట్టించడమే మార్గం, ఖర్చుకు వెనకాడకండి.

కరెంటు పోయినా పరుగులే

మనకు కావలసిన వెలుతురులో ఆరో వంతు దానికి చాలు. కంటి లోపల వెలుతురును పట్టే పొర రెటీనా. దాని వెనక అద్దంలాంటి మరో పొర ఉండి, కాంతిని మళ్ళీ వెనక్కి పంపుతుంది. రాత్రి కళ్ళు మెరిసేది అందుకే. చిమ్మచీకట్లో మాత్రం దానికీ ఏమీ కనపడదు.

పట్టపగలు కూడా కంటిపాప పెద్దదిగానే ఉంది, గోడలకు గుద్దుకుంటోంది

టెన్షన్ పడాల్సింది ఇక్కడే. కిటికీ వెలుతురులో కంటిపాప నిలువు గీతలా సన్నబడాలి. ఆటలో, భయంలో కాసేపు పెద్దదైతే ఫరవాలేదు. అలాగే ఉండిపోతే, ముసలి పిల్లుల్లో ముఖ్యంగా, బీపీ పెరిగి రెటీనా ఊడిపోయి ఉండొచ్చు. దీని వెనక తరచుగా కిడ్నీ జబ్బు ఉంటుంది. రేపటిదాకా ఆగకండి. దగ్గర్లోని డాక్టరు దగ్గరికి గానీ, హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి గానీ తీసుకెళ్ళి బీపీ చూడమనండి. ఎంత త్వరగా మందు పడితే చూపు దక్కే అవకాశం అంత ఎక్కువ.

నెమ్మదిగా చూపు తగ్గుతుంటే తిండి సంగతి చూడండి. శాకాహారుల ఇళ్ళలో ప్రేమతోనే రోజూ పెరుగన్నం పెడుతుంటారు. మాంసం, చేపల్లో ఉండే టారిన్ అనే పదార్థం పిల్లి ఒంట్లో చాలినంత తయారవదు. అది లేక రెటీనా పాడవుతుందని 1975లోనే తేలింది. కుక్కల తిండి పెట్టినా ఇదే ఇబ్బంది, కుక్కలు టారిన్‌ను చాలావరకు ఒంట్లోనే తయారుచేసుకుంటాయి కాబట్టి వాటి తిండిలో అది పిల్లికి చాలినంత ఉండకపోవచ్చు. ఇంట్లో మాంసం వండనివాళ్ళు పిల్లుల కోసమే చేసిన ప్యాకెట్ తిండి తెప్పించండి. పాడైన భాగం తిరిగి రాదు, మిగిలింది నిలుస్తుంది.

చూపు పోయిన పిల్లి ఉన్న ఇంట్లో సోఫా, మంచం, నీళ్ళ గిన్నె ఉన్నచోటే ఉంచండి. ముట్టుకునే ముందు ఒకసారి పిలవండి.