బోరు చేయించిన ఇంజిన్: మొదటి స్టార్టు నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా వచ్చే సమస్యలు, పరిష్కారాలు

బోరు చేయించడం అంటే అరిగిన సిలిండర్లను తొలిపించి కొత్త పిస్టన్లు, వాటి చుట్టూ ఉండే రింగులు వేయించడం. "కొత్తగా పని చేయించిన ఇంజిన్ కదా, కాసేపు స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) వదిలేయండి, తర్వాత మెల్లగా నడపండి" అంటుంటారు. కింద రాసిన తంటాల్లో కొన్నింటికి మూలం ఆ సలహానే.

ఆయిల్ ప్రెషర్ లైటు ఆరడం లేదు

స్టార్ట్ అయ్యాక పది సెకన్లలో లైటు ఆరకపోతే వెంటనే ఆపేయండి. రేస్ చేస్తే ఆరుతుందేమోనని చూడొద్దు, ఆ కాస్త సేపట్లోనే బేరింగులు గీసుకుపోతాయి. పంపు పొడిగా ఉండి ఆయిల్ లాగకపోవడమే ఎక్కువసార్లు కారణం. ప్లగ్గులన్నీ విప్పి, ఇగ్నిషన్, ఫ్యూయెల్ పంపు ఫ్యూజులు తీసి, 10-15 సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. మధ్యలో ఒక నిమిషం ఆగకపోతే సెల్ఫ్ మోటారు కాలుతుంది. లైటును నమ్మకుండా సెన్సర్ స్థానంలో మెకానికల్ గేజ్ బిగించి చూడండి. అయినా ముల్లు లేవకపోతే సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టె) దించి, పికప్ పైపు (పంపు ఆయిల్ లాగే గొట్టం) దగ్గరి ఓ-రింగ్ (రబ్బరు సీలు) చూడాలి. అది నలిగినా, పెట్టడం మరిచినా పంపు ఆయిల్‌కు బదులు గాలి పీలుస్తుంది.

టక టక శబ్దం

హైడ్రాలిక్ ట్యాపెట్లలో (వాల్వులను కదిపే, ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసే భాగాల్లో) గాలి ఉంటే మొదట్లో చప్పుడు సహజమే. 2000 ఆర్‌పీఎం దగ్గర పది పదిహేను నిమిషాల్లో సర్దుకుంటుంది.

పాతకాలపు ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (ట్యాపెట్ల అడుగుకు నేరుగా రాసుకుంటూ వాల్వులు తెరిచే ఇరుసు) అయితే సంగతి వేరు. స్లోలో దానికి చిమ్మే ఆయిల్ చాలదు, వాల్వు స్ప్రింగుల ఒత్తిడి మాత్రం పూర్తిగా పడుతుంది. అందుకే స్టార్ట్ చేసిన క్షణం నుంచి 20-30 నిమిషాలు 2000-2500 ఆర్‌పీఎం మధ్య మారుస్తూ నడపాలి, ఆయిల్‌లో జింక్ సంకలితం ఉండాలి. ఒక్క వాల్వు దగ్గరే చప్పుడు ఆగకపోతే డయల్ గేజ్‌తో లిఫ్ట్ (వాల్వు ఎంత లేస్తోందో) కొలవండి. మిగతావాటికంటే తక్కువ ఉంటే క్యామ్ మీద ఆ వాల్వును లేపే ఉబ్బు, అంటే లోబ్, అరిగిపోయినట్టే. క్యామ్, ట్యాపెట్లు రెండూ సెట్‌గా మార్చాలి. పాత ట్యాపెట్లను కొత్త క్యామ్ మీద పెడితే అదీ పోతుంది. ట్యాపెట్ల అడుగున చక్రాలుండే రోలర్ క్యామ్‌కు ఈ తతంగం అక్కర్లేదు.

కింది నుంచి, లోడ్ పడినప్పుడు బరువుగా కొట్టే శబ్దం ట్యాపెట్లది కాదు. ఇంజిన్ ఆపి కనెక్టింగ్ రాడ్ బేరింగులు చూడండి.

నీలం పొగ, ఆయిల్ తాగడం

మొదటి పదిహేను ఇరవై నిమిషాల పొగను పట్టించుకోకండి, అది బిగించేటప్పుడు పూసిన ఆయిల్. ఆ తర్వాత పొగ ఎప్పుడు వస్తోందో గమనించండి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే, లేదా ఎక్కువసేపు స్లోలో ఉంచి కదిలినప్పుడు ఒక్క గుప్పు వస్తే వాల్వు సీళ్లు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే రింగులు.

హోనింగ్ (లోపలి గోడను సానరాళ్లతో గరుకు చేయడం) చేసిన బోరులో అడ్డంగా, ఏటవాలుగా సన్నని గీతలు ఉంటాయి. ఆ గీతల కొనల మీద రింగు రాపిడి పడి రెండూ కుదురుకోవాలి. రింగును గోడకు గట్టిగా నొక్కేది దాని సొంత బిగువు కాదు, వెనక్కి దూరే మంట గ్యాస్ ప్రెషర్. మెల్లగా నడిపితే ఆ ప్రెషర్ రాదు. గీతల్లోని ఆయిల్ కాలి, గోడ అద్దంలా నున్నబడుతుంది. ఇక రింగు కూర్చోదు.

దీనికి మందు లోడే. ఇంజిన్ బాగా వేడెక్కాక, మూడో గేర్‌లో గంటకు 50 కిలోమీటర్ల నుంచి 80 దాకా యాక్సిలరేటర్ సగం కంటే కాస్త ఎక్కువ తొక్కి లాగించండి. తర్వాత పూర్తిగా వదిలేసి, గేర్‌లోనే మళ్లీ 50కి రానివ్వండి. వదిలినప్పుడు పుట్టే వాక్యూమ్ రింగుల దగ్గరికి ఆయిల్ లాగి, రాలిన పొడిని కడుగుతుంది. పది పన్నెండుసార్లు ఇలా చేయండి. ఒకే స్పీడులో గంటలు నడపడం, టాప్ గేర్‌లో ఈడ్పించడం వద్దు. రింగులు కుదిరేదాకా సింథటిక్ కాదు, మినరల్ ఆయిలే వాడండి.

వెయ్యి కిలోమీటర్లు దాటినా తాగుతుంటే కంప్రెషన్ (సిలిండర్‌లో నొక్కుకునే గాలి ప్రెషర్) చూడండి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక స్పూను ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్. బోరు నున్నబడి ఉంటే హెడ్ విప్పి, మళ్లీ హోన్ చేసి, కొత్త రింగులు వేయడం తప్ప దారి లేదు. ఆయిల్‌లో కలిపే డబ్బాల మందులు ఇక్కడ పనికిరావు.

వేడెక్కడం

కొత్త రాపిడి వల్ల ముల్లు కొద్దిగా పైన ఉండొచ్చు. ఎర్ర గీత వైపు పోతుంటే ముందు ఎయిర్‌లాక్ (కూలెంట్ దారిలో గాలి ఇరుక్కోవడం) అనుకోండి. చల్లారాక బండి ముందు భాగం ఎత్తులో ఉంచి, హీటర్ ఫుల్‌లో పెట్టి, రేడియేటర్ మూత తీసి, బండి కదపకుండా ఇంజిన్ నడుపుతూ కూలెంట్ నింపండి. బుడగలు ఎంతకీ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడినా ఇంజిన్ మరుగుతుంది.

ఆయిల్‌లో మెరుపు

మొదటి అరగంట నడిపాక ఒకసారి, 800 కిలోమీటర్లకు మరోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చండి. పాత ఫిల్టర్‌ను పారేయకుండా కోసి, కాగితం మడతలు విప్పి వెలుతురులో చూడండి. మొదటిసారి అయస్కాంతానికి అంటుకునే సన్నని ఇనుప పొడి మామూలే. రాగి రంగు రేకులు కనబడితే బేరింగు పైపొర పోయి లోపలిది అరుగుతోంది. అప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూడకుండా సంప్ దించండి.