సార్వా (ఖరీఫ్) ఆకుమడిలో వ్యామ్ వేసే ముందు జాగ్రత్తలు

వరి వేళ్లలో కాపురముండి, మట్టిలోని భాస్వరాన్ని మొక్కకు అందించే శిలీంధ్రం వ్యామ్. బదులుగా మొక్క దానికి తిండి పెడుతుంది.

- సంచి మీద గడువు తేదీ చూడండి. ఎండలో పెట్టొద్దు.
- నీళ్లు నిలిచే దమ్ము మడి వద్దు. దీనికి గాలి ఆడాలి. మన గోదావరి డెల్టాలో అసలు టెన్షన్ ఇదే. మెట్ట ఆకుమడి గానీ, పొడి దుక్కిలో వెద గానీ అయితే మేలు. కాలవ నీళ్లొచ్చాయని వెంటనే ముంచేయకండి.
- భాస్వరం దండిగా ఉంటే వేరు దీన్ని దగ్గరకు రానివ్వదు. మట్టి పరీక్ష చూడకుండా, అలవాటు కొద్దీ డీఏపీ (భాస్వరం ఉన్న ఎరువు) గుమ్మరించొద్దు.
- శిలీంధ్రాలను చంపే మందు కార్బండజిమ్ పట్టించిన విత్తనంతో కలపొద్దు.
- పైపైన చల్లితే దండగ, విత్తనం కిందే పడాలి.
- ట్రైకోడెర్మా అనేది వేరే శిలీంధ్రం, ఇది కాదు. కొట్లో పేరు సరిచూసుకోండి.