పోర్ట్ పట్టుకుంటే మాటలన్నీ రేవుకొస్తాయి

ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో చేరిన పిల్లలు ఇంగ్లిష్ మాటల జాబితా ఏ నుంచి జెడ్ దాకా బట్టీ పడతారు, వారం తిరిగేసరికి సగం ఎగిరిపోతుంది. ఆ పని మానేసి ఒక ధాతువు పట్టుకోండి. వైజాగ్‌లో ఉంటూ మొదట ఏది పట్టుకోవాలో వేరే చెప్పాలా, పోర్ట్.

లాటిన్‌లో పోర్టారే అంటే మోయడం, పోర్టుస్ అంటే రేవు, పోర్టా అంటే ద్వారం. మూడూ దగ్గరి చుట్టాలే. నోట్‌బుక్ పేజీ మధ్యలో పోర్ట్ అని రాసి, ముందు తగిలే ముక్కలు చుట్టూ పెట్టండి: ఇమ్ లోపలికి, ఎక్స్ బయటికి, ట్రాన్స్ అవతలికి, రీ వెనక్కి, డీ దూరంగా. ఇక రేవు దగ్గరి కాన్వెంట్ జంక్షన్‌లో లారీలు చూస్తూ చదువుకోవచ్చు. ఓడలో దిగిన బొగ్గు ఇంపోర్ట్, ఓడెక్కే ఇనుప ఖనిజం ఎక్స్‌పోర్ట్, మధ్యలో లారీవాళ్లది ట్రాన్స్‌పోర్ట్. జరిగిన సంగతి మోసుకొచ్చి చెబితే రిపోర్ట్, మనిషిని దేశం దాటించేస్తే డిపోర్ట్.

సపోర్ట్ దగ్గర కాస్త ఆగండి. అక్కడ ముందున్నది సబ్, అంటే కింద. కింద నుంచి మోయడమన్నమాట. పి పక్కన పడ్డ బి కూడా పి అయిపోయింది, మన సంధుల్లో జరిగినట్టే. స్పోర్ట్ కూడా ఇందులోదేనంటే చాలామంది నమ్మరు. పాత ఫ్రెంచ్‌లో మనసుని పనిలోంచి పక్కకి తీసుకుపోవడం అనే అర్థంలో ఉన్న మాట ఇంగ్లిష్‌లో డిస్‌పోర్ట్ అయి, ముందు అక్షరాలు రాలిపోయి ఇలా మిగిలింది.

నాకు బాగా నచ్చేది ఆపర్చ్యునిటీ. తెరచాప ఓడల రోజుల్లో రేవు వైపు వీచే గాలిని లాటిన్‌లో ఓపోర్టూనుస్ అనేవారు, దాన్నుంచి వచ్చిందే ఈ మాట, ఆ గాలి వీస్తే ఓడ ఒడ్డుకి చేరినట్టే కదా.

ద్వారం బాపతులో మన ఇళ్ల ముందు పోర్టికో ఉంది. పోర్టర్ మాత్రం రెండు రకాలు, స్టేషన్‌లో సామాను మోసేవాడు మోయడం నుంచి, గేటు దగ్గర కాపలా ఉండేవాడు ద్వారం నుంచి.

పోర్ట్ కనిపించిన ప్రతిదాన్నీ ఇందులో కలిపేయకండి. పోర్ట్రెయిట్ గీయడం, లాగడం అనే వేరే ధాతువుది, పోర్షన్ వాటా అనే మాటది. అనుమానమొస్తే మంచి డిక్షనరీలో అర్థాల దగ్గర ఆగిపోకుండా పుట్టుక చెప్పే భాగం కూడా చదవండి, అది చూశాకే నోట్‌బుక్‌లో ఎక్కించండి.