గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక వస్తే లంకలో ఉన్నోళ్ళు ఏం చెయ్యాలి

జులై వచ్చిందంటే ఫోన్లో ఒకటే గోల, గోదావరి నీటిమట్టం భద్రాచలంలో ఎంత ధవళేశ్వరంలో ఎంత అని. నంబర్లు అందరికీ నోటికొచ్చు, ఆ నంబర్ వస్తే మనింట్లో ఏం సర్దాలంటే మాత్రం నోరు పెగలదు, అందుకే రాస్తున్నా.

భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర అవే మూడు హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకి. రెండూ వేరే గేజీలండి, అక్కడ 50 ఉంది ఇక్కడ 13యే కదా అని ధైర్యంగా కూర్చోకండి. 2022 జులైలో భద్రాచలం 71 దాటింది, 1986లో 75.6. అక్కడ పెరిగిన నీరు మనదాకా వచ్చేలోపు ఎంత టైముందో అదే మన టైము. ఇంకోటి, శబరి నది గోదావరిలో కలిసేది భద్రాచలం దాటాక కూనవరం దగ్గర, అది కూడా పొంగుతోందా లేదా కనుక్కోండి.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. నీళ్ళు గోడమీద ఎక్కడిదాకా వచ్చాయో గీత గీసి పక్కన ఆరోజు ధవళేశ్వరం లెవెల్ రాయండి. మా అరుగు పక్కన నాన్న బొగ్గుతో రాసింది ఇంకా ఉంది, రంగులేసినప్పుడు ఆ జానెడు చోటు వదిలేశాం. కానీ ఇంటికంటే ముందు మునిగేది లంక నుంచి గట్టుకెళ్ళే కాజ్‌వే, మాదైతే మొదటి హెచ్చరిక కూడా రాకుండానే మునిగిపోద్ది, అందుకని గడువు ఇంటిది కాదు కాజ్‌వేది అనుకోండి, గేదెలు, బండి, నెలలు నిండిన ఆడపిల్లలు, మంచం పట్టిన పెద్దోళ్ళు అందరూ దానిమీదకి నీళ్ళు రాకముందే ఏటిగట్టు ఎక్కాలి. ఒకసారి మేం రేపు చూద్దాంలే అన్నాం, తెల్లారి దూడని పడవ ఎక్కించడానికి నలుగురం పట్టుకోవాల్సొచ్చింది, అదేమో గింజుకుంటది, పడవేమో ఊగుతది.

పాస్‌బుక్కులు, ఆధార్, మందులు కవర్లో చుట్టి అటక మీద కాదు, వెంట తీసుకెళ్ళండి. గ్యాస్ బండ తేలుతుంది, స్తంభానికి కట్టేయండి. కరెంటు మెయిన్ ఆపండి. పశువులు మిగిలిపోతే పలుపులు విప్పేయండి, కట్టేసి మాత్రం వెళ్ళొద్దు. పడవ కావాలంటే 1070కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి.

సముద్రం పోటు మీదుంటే వరద తగ్గినా మన దగ్గర నీళ్ళు తొందరగా లాగవు, హెచ్చరిక తీసేశారని ఆ రాత్రే వెనక్కి రాకండి. పగలు వచ్చి, గడ్డివాములో చెయ్యిపెట్టే ముందు కర్రతో కదపండి, పాములన్నీ అక్కడే ఎక్కి కూర్చుంటాయి.