కప్ప మెదడు, నేత్రపటలాలలో కొవ్వు ఆమ్లాల కూర్పును ఎలా కనుగొనాలి?

మృగశిర కార్తెలో తొలి వానలు పడగానే పాకాల చెరువు కింది పొలాలలో బోదురు కప్పల అరుపులు వినిపిస్తాయి గనుక, వరంగల్‌లో జీవరసాయన శాస్త్రం చదివేవారికి వాటిపై పరిశోధన చేయాలని అనిపించడం సహజమే. అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ఉన్నందున వాటిని ఇష్టానుసారం పట్టి తేకూడదు. అటవీ శాఖ అనుమతి, సంస్థలోని జంతు నీతి సంఘం ఆమోదం చేతికి వచ్చాకే పని మొదలుపెట్టాలి.

ఈ పనిలో అన్నిటికన్నా సున్నితమైనది డోకోసాహెక్సనోయిక్ ఆమ్లం. 22 కార్బన్లు, 6 ద్విబంధాలు గల ఈ కొవ్వు ఆమ్లం నేత్రపటలంలోని దండ కణాలలో (మసక వెలుతురును గ్రహించే కణాలు) సమృద్ధిగా ఉంటుంది. గాలి, వెలుతురు, వేడి తగిలితే త్వరగా ఆక్సీకరణం చెందుతుంది. ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలో మన ప్రయోగశాలలలో ఈ నష్టం మరింత వేగంగా జరుగుతుంది. అందుకే కప్పను ముందుగా కొన్ని గంటలు చీకటిలో ఉంచాలి. అప్పుడు నేత్రపటలం వెనుకనున్న వర్ణక పొర నుంచి సులభంగా విడివడుతుంది. మసక ఎర్ర దీపం కింద దానిని తీసి, వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వేయాలి. మెదడును, వెన్నుపామును ఒకే గొట్టంలో కలపకూడదు. నాడీ తంతువులను చుట్టి ఉండే కొవ్వు తొడుగైన మయలిన్ ఎక్కువగా ఉన్నచోట ఓలియిక్ ఆమ్లం, 24 కార్బన్ల ఆమ్లాలు అధికంగా ఉంటాయి గనుక, కలిపితే దేని కూర్పు ఏమిటో తెలియకుండా పోతుంది.

కణజాలం నుంచి లిపిడ్లను, అంటే కొవ్వు పదార్థాలను, వేరు చేయడానికి 1957 నాటి ఫోల్చ్ పద్ధతి నేటికీ నమ్మదగినదే. 1 గ్రాము కణజాలానికి 20 మిల్లీలీటర్ల చొప్పున, 2:1 నిష్పత్తిలో కలిపిన క్లోరోఫాం, మిథనాల్ మిశ్రమాన్ని వాడాలి. అందులో ఆక్సీకరణాన్ని అడ్డుకునే బీహెచ్‌టీ కొద్దిగా, మిగతా ఆమ్లాల పరిమాణాన్ని పోల్చి లెక్కించడానికి కొలిచిన మోతాదులో 17 కార్బన్ల ప్రమాణ ఆమ్లం ముందే కలపాలి. వడకట్టాక 4 మిల్లీలీటర్ల ఉప్పునీటితో కడిగితే లిపిడ్లు కింది పొరలో నిలుస్తాయి. ఆ పొరను నైట్రోజన్ వాయువు కింద ఆరబెట్టాలి. ప్లాస్టిక్ గొట్టాలలోని పదార్థాలు క్లోరోఫాంలో కరిగి, చివరి విశ్లేషణ రేఖాచిత్రంలో అదనపు శిఖరాలుగా (ఒక్కో పదార్థాన్ని సూచించే గీతల ఎత్తులు) కనిపిస్తాయి గనుక గాజువే వాడాలి.

తర్వాత ఆమ్లం కలిపిన మిథనాల్‌లో వేడిచేసి మిథైల్ ఎస్టర్లుగా మార్చి, ఆవిరి రూపంలో పదార్థాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమాటోగ్రఫీకి పంపాలి. స్ఫింగోమయలిన్ అనే లిపిడ్‌లో కొవ్వు ఆమ్లాన్ని పట్టి ఉంచే అమైడ్ బంధం త్వరగా తెగదు కాబట్టి దానికి ఎక్కువ సమయం ఇవ్వాలి. నాడీ కణజాలంలోని ప్లాస్మలోజెన్లు అనే మరో రకం లిపిడ్లు ఈ దశలో డైమిథైల్ అసిటాల్‌లనే వేరే పదార్థాలను ఇస్తాయి; అవి, 16, 18 కార్బన్ల సంతృప్త ఆమ్లాల శిఖరాలకు కాస్త ముందు కనిపిస్తాయి. వాటిని కొవ్వు ఆమ్లాలుగా లెక్కిస్తే శాతాలన్నీ తప్పుతాయి. నేత్రపటలంలో డోకోసాహెక్సనోయిక్ శాతం మెదడు కంటే తక్కువగా వస్తే, నమూనాను నిల్వ చేసిన తీరును ముందుగా అనుమానించి, కొత్త నమూనాతో మళ్ళీ చేయాలి.