మైల్స్ పడలేదా, తగ్గాయా, మాయమయ్యాయా? విమాన పాయింట్ల సమస్యలు - పరిష్కారాలు

శంషాబాద్‌లో విమానమెక్కి, దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లొచ్చే కుటుంబాలు మనలో ఎన్నో. టికెట్ ధర పది యాప్‌లలో పోల్చి చూసి కొంటారు. దాంతోపాటు రావాల్సిన మైల్స్, అంటే విమాన సంస్థ తన సభ్యులకు ప్రయాణం మీద ఇచ్చే, తర్వాత టికెట్‌కు వాడుకోగలిగే పాయింట్ల గురించి మాత్రం ఎవరూ పట్టించుకోరు. గుర్తొచ్చేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. ఆ మైల్స్ మనం డబ్బు పెట్టి కొన్న టికెట్‌లో భాగమే, ఎవరో దయతలిచి ఇచ్చేవి కావు. అందుకే వాటిని వదిలేయడం నాకు అస్సలు నచ్చదు. చుట్టాలు, స్నేహితులు తరచూ అడిగే చిక్కులనే ఇక్కడ తీసుకున్నాను.

సమస్య: ప్రయాణం అయిపోయింది, పాయింట్లు పడలేదు

ముందు కొంచెం ఆగండి. మీరు ఎక్కిన విమానం, మీకు సభ్యత్వం ఉన్న సంస్థ ఒకటే అయితే మామూలుగా కొద్ది రోజుల్లో పడిపోతాయి. భాగస్వామి సంస్థ విమానమైతే వారాలు పట్టొచ్చు. లుఫ్తాన్సాలో ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి, ఆ మైల్స్ ఎయిర్ ఇండియా ఖాతాలో వేయించుకోవడం లాంటిదన్నమాట. నెల దాటినా కదలిక లేకపోతే అప్పుడు కారణం వెతకాలి.

మొదట బోర్డింగ్ పాస్ తీసి చూడండి. మీ పేరుకు దగ్గర్లో ఏఐ (ఎయిర్ ఇండియా), ఈకే (ఎమిరేట్స్), క్యూఆర్ (ఖతార్) లాంటి రెండక్షరాల విమాన సంస్థ కోడ్, దాని పక్కన మీ సభ్యత్వ నంబరు అచ్చయి ఉండాలి. ఆ చోటు ఖాళీగా ఉంటే నంబరు టికెట్‌కు ఎక్కలేదు. ట్రావెల్ ఏజెంట్ దగ్గరో, బుకింగ్ యాప్‌లోనో కొన్న టికెట్లలో ఇది మరీ ఎక్కువ. మీరు నంబరు ఇచ్చినా అది విమాన సంస్థ దాకా వెళ్లదు. అందుకే కొన్న వెంటనే పీఎన్ఆర్‌తో విమాన సంస్థ సొంత వెబ్‌సైట్‌లోకి వెళ్లి నంబరు ఉందో లేదో చూసుకోవాలి. అప్పుడు మర్చిపోతే చెక్-ఇన్ కౌంటర్‌లో అడగండి, అక్కడికక్కడే వేసిస్తారు.

నంబరు ఉన్నా పడలేదంటే నేను ముందుగా అనుమానించేది పేరునే. మన పేర్లకు ఈ ఇబ్బంది ఎక్కువ. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, సభ్యత్వం తీసుకున్నప్పుడు మనం ఒక్క అక్షరంతో సరిపెడతాం. లేదా పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు రెండో గడిలో ఉంటుంది. అలాంటివాళ్ల అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరు చోటికి వెళ్లి, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే అసలు పేరు తెలియదు) అని వస్తుంది. దాన్ని చూసి టికెట్‌ను ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా తీస్తారు. పైగా వెంకట శివరామకృష్ణ ప్రసాద్ లాంటి పొడుగు పేరు బోర్డింగ్ పాస్‌లో మధ్యలోనే తెగిపోతుంది, లేదా చివర మిస్టర్‌కు గుర్తుగా వేసే ఎంఆర్ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు పేరుకు అతుక్కుపోతాయి. అలా తెగడం, అతుక్కోవడం వల్ల మామూలుగా ఇబ్బందేమీ రాదు. ఇంటిపేరు, అసలు పేరు తారుమారైతేనో, ఖాతాలో పొట్టి పేరు ఉంటేనో కంప్యూటర్ ఇద్దరూ ఒకరే అనుకోదు.

దీనికి పరిష్కారం ఖాతాలోని పేరును పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే మార్పించుకోవడం. చాలా సంస్థలు పాస్‌పోర్ట్ కాపీ అడిగి మారుస్తాయి. ప్రయాణానికి ముందే చేస్తే పని తేలిక. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లు పాస్‌పోర్ట్ కొత్తది రాగానే ఈ పని కూడా చేసేయాలి.

మూడో కారణం టికెట్ తరగతి. ఎకానమీ అంతా ఒకటే కాదు. ఈ-టికెట్‌లో తరగతి దగ్గర వై, కె, క్యూ అంటూ ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. భాగస్వామి సంస్థలో ఎగిరినప్పుడు మైల్స్ లెక్క ఎక్కువగా ఆ అక్షరాన్ని బట్టే తేలుతుంది. కొన్ని చౌక తరగతులకు నాలుగో వంతు మైల్స్ వస్తాయి, కొన్నింటికి సున్నా. గ్రూప్ టికెట్లకూ చాలాసార్లు ఏమీ రావు. ఇక్కడ పోరాడి లాభం లేదు. కొనేముందే చూసుకోవాలి.

విమానం నంబరు కూడా గమనించండి. ఎయిర్ ఇండియా స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో 2014 నుంచి ఉంది, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ అందులో లేదు. విజయవాడ, విశాఖ నుంచి వెళ్లేవాళ్లు ఎక్కింది ఏఐ నంబరుదో, ఐఎక్స్ నంబరుదో చూసుకోకుండా లెక్కలు వేసుకుంటే నిరాశే మిగులుతుంది. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు. ఖతార్ ఎయిర్‌వేస్ వన్‌వరల్డ్ అనే మరో కూటమిలో ఉంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా పడకపోతే, సంస్థ వెబ్‌సైట్‌లో పడని మైల్స్ కోసం ఒక ఫారం ఉంటుంది. అది అడిగేది ఆరక్షరాల పీఎన్ఆర్ కాదు, 13 అంకెల టికెట్ నంబరు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఈ-టికెట్ పీడీఎఫ్‌లో వెతకండి, మొదటి మూడంకెలు విమాన సంస్థవి: ఎయిర్ ఇండియా 098, ఎమిరేట్స్ 176, ఖతార్ 157, సింగపూర్ ఎయిర్‌లైన్స్ 618, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 125, లుఫ్తాన్సా 220, యునైటెడ్ 016. గడువు ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది. ఎమిరేట్స్ మైల్స్ కార్యక్రమం స్కైవార్డ్స్‌లో, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కార్యక్రమం క్రిస్‌ఫ్లయర్‌లో ఆరు నెలలు, యునైటెడ్‌లో ఏడాది. మొబైల్ బోర్డింగ్ పాస్ ప్రయాణమయ్యాక యాప్‌లోంచి పోతుంది, కాబట్టి విమానం ఎక్కేముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పాయింట్లు పడేదాకా దాన్ని డిలీట్ చేయొద్దు.

సమస్య: అమ్మానాన్నల టికెట్‌లో నా నంబరు ఇచ్చాను, ఏమీ రాలేదు

రావు. మైల్స్ సీట్లో కూర్చున్నవాళ్లవి, డబ్బు కట్టినవాళ్లవి కావు. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో టికెట్ కొని, తమ నంబరే రెండు టికెట్లకూ వేయడం మన ఇళ్లలో తరచూ జరుగుతుంది. పేరు కలవదు కాబట్టి ఆ మైల్స్ ఎవరికీ చెందకుండా పోతాయి.

పెద్దవాళ్లకు విడిగా ఖాతాలు తెరవండి. ఉచితమే, పది నిమిషాల పని. గడువులోపు అయితే, అయిపోయిన ప్రయాణానికి కూడా వాళ్ల పేరుతో కొన్ని సంస్థలు మైల్స్ వేస్తాయి. కొన్నిచోట్ల ఖాతా తెరవకముందు చేసిన ప్రయాణాలు కుదరవు, అడిగి చూడాలి. తర్వాత అందరివీ ఒకచోట చేర్చుకునే వీలు ఉందేమో చూడండి. ఎమిరేట్స్, ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లలో కుటుంబ ఖాతాలు ఉన్నాయి. యునైటెడ్ 2024 మార్చిలో ఐదుగురి దాకా మైల్స్ కలుపుకునే పద్ధతి తెచ్చింది. అమ్మానాన్నలు విడివిడిగా పోగేస్తే టికెట్‌కు ఎప్పటికీ చాలవు, కలిపితే ఒకరి తిరుగు ప్రయాణానికైనా పనికొస్తాయి. ఆ ఖాతాల్లో ఈమెయిల్, ఫోన్ మాత్రం వాళ్లవే పెట్టండి. ఓటీపీ వాళ్లకు వస్తే తర్వాత ఇబ్బంది ఉండదు.

సమస్య: అదే ప్రయాణం, ఇదివరకటి కంటే తక్కువ పాయింట్లు

తప్పు జరగలేదు, నిబంధన మారింది. ఒకప్పుడు ఎంత దూరం ఎగిరితే అన్ని మైల్స్. ఇప్పుడు చాలా సంస్థల్లో ఎంత ఖర్చు పెడితే అన్ని. డెల్టా, యునైటెడ్ 2015లోనే ఈ దారి పట్టాయి, అమెరికన్ 2016లో, బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2023లో. ఎయిర్ ఇండియా 2024 ఏప్రిల్‌లో తన మైల్స్ కార్యక్రమం ఫ్లయింగ్ రిటర్న్స్‌ను మార్చినప్పుడు దూరాన్ని పక్కనపెట్టి ఖర్చును లెక్కలోకి తెచ్చింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2025 ఏప్రిల్ 1 నుంచి తరచూ ఎగిరేవాళ్లకు ఇచ్చే సిల్వర్, గోల్డ్ హోదాలను కూడా ఖర్చుతోనే ముడిపెట్టింది.

ఖర్చు అంటే టికెట్ మీద కట్టిన మొత్తం కాదు. ప్రభుత్వానికి, విమానాశ్రయానికి వెళ్లే పన్నులు లెక్కలోకి రావు. కాబట్టి ఈ-టికెట్‌లో మూల ఛార్జీ, విమాన సంస్థ సర్‌చార్జ్ ఉంటే అదీ ఎంతో చూసి, దాని మీద లెక్క వేసుకోండి. అప్పటికీ తేడా వస్తేనే రాయండి. ఆఫర్‌లో చౌకగా టికెట్ దొరకబుచ్చుకుని దూరప్రయాణం చేసేవాళ్లకు ఈ మార్పు గట్టి దెబ్బ. నా లెక్కలో వాళ్లు ఇంకా దూరాన్ని బట్టి మైల్స్ ఇచ్చే భాగస్వామి ఖాతాలో వేయించుకోవడమే మేలు. ఒకే కూటమిలో ఏ సభ్యసంస్థ ఖాతాలో వేయించుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛ ప్రయాణికుడిదే. కాకపోతే ఒక ప్రయాణానికి ఒక్కచోటే.

సమస్య: విస్తారా పాయింట్లు కనిపించడం లేదు

విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. ఫ్లయింగ్ రిటర్న్స్ పేరు మహారాజా క్లబ్ అయింది, క్లబ్ విస్తారా పాయింట్లు ఒకటికి ఒకటి చొప్పున అందులోకి వెళ్లాయి. పాత యాప్ తెరిచి చూస్తే ఏమీ ఉండదు.

రెండు సంస్థల్లోనూ ఖాతా ఉన్నవాళ్లు రెండింటిలోనూ పేరు, పుట్టిన తేదీ, ఈమెయిల్, మొబైల్ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఒకచోట పాత నంబరు, ఇంకోచోట కొత్త నంబరు ఉంటే ఒకే మనిషి ఇద్దరిలా కనబడతారు. అలాంటప్పుడు పాత క్లబ్ విస్తారా నంబరు, పాత ఈమెయిల్, గుర్తింపు పత్రం జతచేసి ఖాతాలు కలపమని రాయాలి. పాత పాయింట్ల నిల్వ చూపే నెలవారీ మెయిల్ ఇన్‌బాక్స్‌లో ఉంటే అదే గట్టి సాక్ష్యం.

సంస్థ కలిసిపోవడం వేరు, మూతపడటం వేరు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయినా దాని పాయింట్లు, అంటే జేపీమైల్స్, బతికాయి, ఎందుకంటే ఆ కార్యక్రమం వేరే కంపెనీ చేతిలో ఉంది, అందులో ఎతిహాద్‌కు 50.1 శాతం వాటా ఉండేది. తర్వాత అది ఇంటర్‌మైల్స్ అయింది. మూతపడిన కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ సభ్యులకు ఆ అదృష్టం కూడా లేదు. అందుకే ఏళ్ల తరబడి కూడబెట్టకుండా, టికెట్‌కు సరిపడగానే వాడేయమని ప్రతి ఒక్కరికీ చెబుతాను.

సమస్య: నిన్నటిదాకా ఉన్నవి ఇవాళ లేవు

గడువు తీరింది. స్కైవార్డ్స్ మైల్స్ మూడేళ్లకు, మీరు పుట్టిన నెలాఖరున పోతాయి. క్రిస్‌ఫ్లయర్ మైల్స్‌కూ మూడేళ్లే. ఈ రెండింటిలో మధ్యలో ప్రయాణం చేసినా పాత మైల్స్ గడువు పెరగదు. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ పాయింట్లయిన ఏవియోస్ మాత్రం 36 నెలలు, అమెరికన్‌వి 24 నెలలు ఖాతాలో ఏ కదలికా లేకపోతేనే పోతాయి. ఏదో ఒక చిన్న లావాదేవీ చేసినా నిలబడతాయి. యునైటెడ్, డెల్టా మైల్స్‌కు గడువు లేదు. పోయాక తిరిగి తెచ్చుకోవాలంటే చాలాచోట్ల డబ్బు కట్టాలి, కొన్నిచోట్ల అదీ కుదరదు. ఫోన్ క్యాలెండర్‌లో మూడు నెలల ముందు రిమైండర్ పెట్టుకోండి.

సమస్య: ఆఫర్ బోనస్ రాలేదు

చాలా ఆఫర్లకు ముందుగా రిజిస్టర్ చేసుకోవాలి. టికెట్ కొన్నాక చేస్తే చెల్లదు. కొన్న తేదీ, ఎగిరిన తేదీ రెండూ ఆఫర్ కాలంలో ఉండాలా, ఒకటి ఉంటే చాలా అన్నది చదవాలి. ఆఫర్ పేజీని ఆ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఆఫర్ అయిపోగానే ఆ పేజీ తీసేస్తారు. బోనస్ రాకపోతే అదే జతచేసి రాయండి.

క్రెడిట్ కార్డు పాయింట్లను మైల్స్‌గా మార్చితే అదనం ఇస్తామనే ఆఫర్లతో మరింత జాగ్రత్త. ఒకసారి మార్చాక వెనక్కి రావు. ముందు మీకు కావాల్సిన తేదీకి పాయింట్లతో సీటు ఉందో చూడండి, ఎన్ని పాయింట్లు అడుగుతున్నారో రాసుకోండి, దాని మీద కట్టాల్సిన పన్నులు, సర్‌చార్జ్ కూడా కూడండి. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఎమిరేట్స్ లాంటి సంస్థల్లో ఆ సర్‌చార్జ్ బాగానే ఉంటుంది. ఉచిత టికెట్ అనుకున్నది, మామూలు టికెట్‌కు దగ్గరగా వచ్చేస్తే మార్చకుండా ఉండటమే మంచిది. సంక్రాంతికి, డిసెంబరు సెలవులకు పాయింట్లతో సీట్లు దొరకడం కష్టం. తేదీలు రెండు మూడు రోజులు అటూ ఇటూ జరిపి వెతకండి.

సమస్య: "మీ పాయింట్లు ఈ రాత్రికే పోతాయి" అని మెసేజ్ వచ్చింది

అందులోని లింక్ నొక్కొద్దు. గడువు నిజమో కాదో మీ యాప్ తెరిచి చూస్తే అక్కడే తెలుస్తుంది. దొంగ చేతికి పాస్‌వర్డ్ చిక్కితే ఆ మైల్స్‌తో ఇంకెవరి పేరునో టికెట్ కొనేస్తారు. ఖాతాలో మీకు తెలియని టికెట్ కనిపిస్తే వెంటనే పాస్‌వర్డ్ మార్చి, విమాన సంస్థకు ఫోన్ చేసి ఆ బుకింగ్ ఆపమనండి. ప్రయాణం జరగకముందే చెబితే మైల్స్ వెనక్కి వచ్చే అవకాశం ఎక్కువ. డబ్బు కూడా పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కస్టమర్ కేర్ నంబరును మాత్రం గూగుల్‌లో వెతికి తీసుకోవద్దు, సంస్థ యాప్‌లో ఉన్నదానికే చేయండి.